గుండు మీద మూర మల్లెలు

మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా తిరుపతిలో పూలు అమ్మింది. ఈ మాట నేను ఎవరి దగ్గరా గొంతు తగ్గించి చెప్పను. బ్యాంకులో నా పక్క సీటాయన ఒకసారి, "మీ అమ్మగారు అప్పట్లో ఏదో చిన్న వ్యాపారం చేసేవారటగా మేడం" అని మర్యాదగా అడిగాడు. "వ్యాపారం కాదండీ, బుట్ట పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చునేది" అన్నాను. ఆయన మళ్లీ కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. నాకు కోపం తొందరగా వస్తుంది. అమ్మ విషయంలో ఇంకాస్త తొందరగా వస్తుంది.

బస్టాండు నుంచి గుడి వైపు పోయే రోడ్డు మలుపులో, ఒక మందుల షాపు అరుగు చివర ఆమె చోటు. ఎండాకాలం మల్లె, అది లేనప్పుడు కనకాంబరం, మధ్యమధ్యలో వాసనకు మరువం. ఊళ్లో పూలు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, అమ్మ పేరంతా ముడిలో ఉంది. అరటి నార ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించి, రెండు మొగ్గలు అటు, రెండు మొగ్గలు ఇటు పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క తిప్పు తిప్పేది. ఆ తిప్పు ఎట్లా పడిందో పక్కన కూర్చుని చూసినా తెలిసేది కాదు. మర్నాటికి పూలు వాడిపోయేవి గాని ముడి మాత్రం ఊడేది కాదు. అమ్మ దగ్గర పూలు కొన్న ఆడవాళ్లు బస్సుల్లో తోసుకుని ఎక్కి చిత్తూరు దాకా పోయినా, దిగేటప్పుడు తలలో పూలు ఎక్కడివి అక్కడే ఉండేవట.

సాయంత్రం బుట్ట ఖాళీ అయ్యాక అమ్మ వెంటనే లేచేది కాదు. అరుగు మీదే కూర్చుని రోడ్డు మీద పోయే తలలన్నీ చూసేది. చిన్నప్పుడు నేను బడి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంటే నాకూ చూపించేది. "అది నాది. ఆ పచ్చకోక ఆమె, అది నాది. ఇది నాది కాదు, సూడు ఎట్ల యాలాడతా ఉండాదో." ఆ చూడ్డం అయితేగాని ఆమెకు ఆ రోజు పని పూర్తయినట్టు కాదు. నాకు ఆకలి వేస్తున్నా కూర్చోవలసిందే.

రెండేళ్ల కిందట పెరట్లో తడి బండ మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చెయ్యి కొంచెం వంకరగా నిలిచిపోయింది. బొటనవేలు వచ్చి చూపుడువేలిని తాకేది కాదు. అన్నం కలుపుకోగలిగింది, జాకెట్టు హుక్కులు పెట్టుకోగలిగింది. పువ్వు మాత్రం కట్టలేకపోయింది. "ఈ వయసులో ఈ మాత్రం వచ్చింది, సంతోషించండి" అన్నాడు డాక్టరు. అమ్మ ఆయనకు దండం పెట్టి బయటికి వచ్చి, "సంతోషించమంటాండాడు సూడు" అంది నాతో.

పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని రెండో రోజే పక్కింటి కుక్క ఎత్తుకుపోయింది. అమ్మే దానికి ఇచ్చిందని నా అనుమానం. దాని బదులు ఆమె నార తీసుకుని కాలివేలికి తగిలించుకుని, పెరట్లోని కరివేపాకు రెబ్బలు కట్టడం మొదలుపెట్టింది. కట్టింది కట్టినట్టే ఊడిపోయేది. మళ్లీ కట్టేది. ఏడాది పొడుగునా మా ఇంట్లో పోపులోకి కరివేపాకు దండలుగానే వచ్చింది. నార తీసి వేయాలని నాకు గుర్తుండక రెండుసార్లు చారులో పీచు తగిలింది కూడా.

ఆ రోజుల్లోనే నేను మొక్కుకున్నాను. అమ్మ బొటనవేలు వంగితే కొండకు వచ్చి తలనీలాలు ఇస్తానని. నాకు నడుము దాకా జుట్టు ఉండేది. అమ్మకు మాత్రం చెప్పలేదు. ఈ ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆమె మూరెడు కనకాంబరాలు కట్టి, రెండు కొసలూ పట్టుకుని గట్టిగా దులిపింది. ఒక్క పువ్వూ రాలలేదు. నేను ఆ వారంలోనే కొండకు వెళ్లి, మొక్కు తీర్చుకుని గుండుతో ఇంటికి వచ్చాను.

"నా చెయ్యి నేను బాగు చేసుకుంటి. మధ్యలో నీ జుట్టు యాడిది మే?" అని అమ్మ గొడవ గొడవ చేసింది. కాసేపటికి ఆమే గంధం అరగదీసి తెచ్చి, నా తలంతా రాసింది, ఆ వారమంతా రోజూ రాసింది. రాస్తూ కూడా తిడుతూనే ఉంది. మా ఊళ్లో ఒక సుఖం ఏమిటంటే, గుండుకు ఎవరూ కారణం అడగరు. సోమవారం బ్యాంకుకు పోతే, "కొండకు పోయొచ్చినారా మేడం? దర్శనం బాగా అయిందా?" అని అడిగారు, అంతే.

మా కాలనీ ఆడవాళ్ల సంఘం ఆ తర్వాతి ఆదివారమే పూల సంత పెట్టింది. పల్లెల నుంచి బస్సులో వచ్చి, బస్టాండు నుంచి కాలేజీ దాకా ఎండలో నడిచే ఆడపిల్లలకు సైకిళ్లు కొనివ్వాలని. నాలుగు రోడ్లు కలిసే చోట కొత్తగా బండలు పరిచిన పెద్ద ఖాళీ జాగా ఉంది, అందులో సంత. సంఘం అధ్యక్షురాలు రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆమె స్వయంగా మా ఇంటికి వచ్చి అమ్మను అడిగింది. "మేమంతా మొక్కలూ కుండీలూ అమ్ముతామమ్మా. పూలు కట్టి మూర లెక్కన అమ్మేదానికి నువ్వే రావాల" అంది.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఒక షరతు పెట్టింది. "తల్లో పెట్టుకునే పూలే కడతా. ఫోటోలకు దండలు కట్టను, కార్లకు కట్టను. నా పూలు మళ్లా ఒక్కతూరి జనం తలల మింద నడస్తా ఉంటే సూడాల. అంతే నాకు."

హెడ్మిస్ట్రెసమ్మ అట్లాగే అని మాట ఇచ్చింది.

అమ్మ పుట్టిల్లు సత్యవేడు దగ్గర పల్లె. మా మేనమామకు అక్కడ మల్లెతోట ఉంది. ఆదివారం పొద్దున్నే తడిగుడ్డ కప్పిన బుట్టెడు మొగ్గలు మొదటి బస్సులో పంపాడు. అమ్మ స్నానం చేసి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, కాలు చాపింది. మధ్యాహ్నం రెండు దాకా లేవలేదు. ముందులాగా చకచకా పడటం లేదు ముడులు. ఒక్కొక్క ముడికీ బొటనవేలు ఆగి, ఆలోచించుకుని, వంగుతోంది. మణికట్టు వాచింది. తడిగుడ్డ చుట్టుకుని మళ్లీ కట్టింది. నేను అన్నం కలిపి నోట్లో పెట్టాను. నలభై మూరలు అయ్యాయి.

నాలుగింటికి సంతకు చేరుకున్నాం. ఏం చెప్పాలి ఆ అందం! కొండ వైపు ఎండ ఇంకా పచ్చగా ఉంది. ఇటు బండల మీద నీళ్లు చల్లి ఉన్నాయి. గులాబీ అంట్లు, చామంతి కుండీలు, బంతిపూల రాశులు, దవనం కట్టలు. ఒకాయన తామరమొగ్గల రేకులు ఒక్కొక్కటే వెనక్కి మడిచి, మొగ్గను పువ్వు చేసి అమ్ముతున్నాడు. ఆయన చుట్టూ పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మధ్యలో ఒక కొత్త సైకిలు, అట్టలు కూడా విప్పకుండా, ముందు బుట్టలో ఒకే ఒక్క ఎర్ర గులాబీతో నిలబెట్టారు. మా కాలనీలో గేటు దగ్గర కనపడినా పలకరించుకోని ఆడవాళ్లు ఒకరి కుండీలు ఒకరు మోస్తున్నారు. నేను బ్యాంకు సంగతి మరిచిపోయి రెండు చుట్లు తిరిగాను. ఒక సంపెంగ పువ్వు కొని గుప్పిట్లో పెట్టుకుని వాసన చూస్తూ తిరిగాను, పెట్టుకోవడానికి జుట్టు లేదు గదా.

తిరిగి వచ్చేసరికి అమ్మ బల్ల ముందు పెద్ద క్యూ ఉంది. నా గుండెలు పొంగాయి. దగ్గరికి వస్తే ఒక విచిత్రం కనిపించింది. క్యూలో ఉన్నవాళ్ల చెప్పులన్నీ ఒక పక్కన వరసగా విడిచి ఉన్నాయి.

జరిగింది ఏమిటంటే, అందరిలోకీ పెద్దామె బల్ల గదా అని, హెడ్మిస్ట్రెసమ్మ తన ఇంట్లోని స్వామి పటం తెచ్చి అమ్మ వెనకాల ఎత్తుగా పెట్టింది. నిలువెత్తు పటం. దీపం పెట్టింది, ఊదొత్తులు వెలిగించింది. మొదటి మూర స్వామికే అని పటానికి చుట్టింది. అంతా ప్రేమతో చేసిందే, ఏమీ అనలేం. కాని మా ఊరి జనం పటం చూశారు, దీపం చూశారు, పూలు చూశారు, చెప్పులు విడిచి నిలబడ్డారు. ముందువాళ్ల వెనక వెనకవాళ్లు చేరారు. కొండ దిగి వచ్చిన యాత్రికులు సంచులతో సహా చేరారు. "ఇది ఏం దర్శనమప్పా? టోకెను యాడ ఇస్తాండారు?" అని ఒకాయన నన్నే అడిగాడు. గంధం పూసిన గుండుతో బల్ల పక్కన నిలబడ్డ నన్ను చూస్తే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది.

ఒక్కొక్కరే వచ్చి దండం పెడుతున్నారు, పళ్లెంలో చిల్లర వేస్తున్నారు, చెయ్యి చాస్తున్నారు. "మూర ఇమ్మంటావా అమ్మా?" అని అమ్మ అడుగుతోంది. "ఒక్క పువ్వు ప్రసాదం పెట్టు తల్లీ, చాలు" అంటున్నారు వాళ్లు. దేవుడి పువ్వు అడిగితే లేదనడం అమ్మకు చేతకాదు. పొద్దుటి నుంచి కట్టిన మూరల్లోంచి ఒక్కొక్క మొగ్గ తెంపి ఇస్తోంది. వాళ్లు కళ్లకద్దుకుని పర్సులో పెట్టుకుని పోతున్నారు. ఒక్కరంటే ఒక్కరు తలలో పెట్టుకోవడం లేదు.

వేరే ఊళ్లో అయితే గుడి పువ్వును ఆడవాళ్లు సంతోషంగా జడలో తురుముకుంటారు. మా సంగతి వేరు. కొండ మీద ఏ ఆడమనిషీ పువ్వు పెట్టుకోదు. అక్కడి పూలన్నీ ఆయనవే. పెట్టుకుని బయల్దేరినవాళ్లు కూడా గుర్తొచ్చి దారిలోనే తీసేస్తారు. పుట్టినప్పటి నుంచి చేతులకు పట్టిన అలవాటు అది. ఆ పటం కింద పువ్వు చూశాక, అది తల దాకా ఎట్లా పోతుంది?

తెంపిన నార కొసలు అమ్మ ఒళ్లో పోగవుతున్నాయి. అప్పటికే నాలుగైదు మూరలు అట్లా పోయాయి. మధ్యమధ్యలో తలెత్తి సంతలో తిరిగే ఆడవాళ్ల తలల వైపు చూస్తోంది. ఎవరో గులాబీలు పెట్టుకున్నారు, ఎవరో బయట కొన్న కనకాంబరాలు పెట్టుకున్నారు. ఆమెవి లేవు. ఆ చూపు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

పోయి హెడ్మిస్ట్రెసమ్మను పట్టుకున్నాను. "ఆ పటం తీసేయండి మేడం. ఎవరూ పూలు కొనడం లేదు" అన్నాను.

ఆమె నా వైపు భయంగా చూసింది. "స్వామిని లెయ్యమని చెప్పమంటావా? నా వల్ల కాదమ్మా. కావాలంటే నువ్వే తియ్యి" అంది.

నేనే తీస్తానని విసవిసా వచ్చాను. పటం అంచు దాకా చెయ్యి పోయింది, అక్కడ ఆగిపోయింది. జుట్టు ఇచ్చి వారమే అయింది, దీపం వెలుగుతోంది, ఎదురుగా యాభైమంది చేతులు జోడించి ఉన్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, అదే చేత్తో లెంపలు వేసుకున్నాను. క్యూలో ఉన్నవాళ్లందరూ నన్ను చూసి లెంపలు వేసుకున్నారు.

అమ్మ ఇదంతా చూసింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలిసిపోయింది. "ఆయన్నేం కదిలించొద్దులే. ముప్పై ఏండ్లు ఆయన ఊర్లోనే గదా అమ్మినా, ఇప్పుడు ఆయన ముందరే అమ్ముతా. నువ్వు ఇట్రా. ఈడ కూసో" అంది.

నన్ను తన ముందు బోర్లించిన ఇంకో ఖాళీ బుట్ట మీద కూర్చోబెట్టింది, మొహం జనం వైపు. పొడుగు మూర ఒకటి ఏరి తీసింది. ఏం చేయబోతోందో నాకు అర్థమయ్యే లోపలే మల్లెల చల్లదనం నుదుటి మీద తగిలింది. నా గుండుకు పూలు చుడుతోంది.

గుండు నున్నగా ఉంది, పైగా గంధం. మొదటిసారి దండ జారి నా మెళ్లో పడింది. క్యూలో నవ్వు వినిపించింది. రెండోసారి చెవుల మీదికి దిగింది. మూడోసారి అమ్మ రెండు వరసలు చేసి, చెవుల పైనుంచి తెచ్చి, వెనకాల మెడ దగ్గర కొసలు కలిపింది. ఆమె బొటనవేలు నా మెడ మీద ఆగి, మెల్లగా వంగడం నాకు తెలుస్తూనే ఉంది. ఏడాది పాటు కరివేపాకు కట్టిన వేలు అది. ముడి పడింది.

"తల దులుపు" అంది అమ్మ.

దులిపాను. గట్టిగా, అటూ ఇటూ దులిపాను. ఒక్క మొగ్గ రాలలేదు.

"అయ్యో, అపచారం గదమ్మా!" అంది హెడ్మిస్ట్రెసమ్మ, చెంపల మీద చేతులు పెట్టుకుని.

అమ్మ లేచి నిలబడింది. రోడ్డు మీద బస్సుల మోతను దాటి వినపడేటట్టు పూలు అమ్ముకున్న గొంతు అది, ఏమీ తగ్గలేదు. "యా అపచారం? కొండ మింద పూలన్నీ ఆయనవి. ఈడ కింద మనవి. ఆయనకు కావాల్సిన మూర ఆయనకు చుట్టినాం గదా. నా బిడ్డ జుట్టు తీసుకున్నాడు, పువ్వు పెట్టుకునే తల మాత్రం నాకే వదిలిపెట్టినాడు. రాండి, మూర మల్లెలు! ప్రసాదం కాదు, తల్లోకి!"

క్యూలో మొదట ఉన్నావిడ, లావుపాటి జడ ఉన్న యాత్రికురాలు, పటం వైపు ఒకసారి చూసి, నా గుండు వైపు ఒకసారి చూసి, ఫక్కున నవ్వింది. "గుండుకే నిలబడినాయంటే నా జడకు నిలబడవా. రెండు మూరలు ఇయ్యి పెద్దమ్మా" అంది. అక్కడే వెనక్కి తిరిగి జడ చూపించింది. అమ్మే పెట్టింది.

ఆ తర్వాత అంతా మా ఊరి పద్ధతిలోనే జరిగింది. దర్శనానికి నిలబడ్డ క్యూ చెదిరిపోలేదు. అదే వరసలో, అట్లాగే చెప్పులు లేకుండా, దండం పెట్టుకుని మరీ పూలు కొన్నారు. అమ్మ చెయ్యి ఇప్పుడు పూర్తిగా చాచలేదు, మూర కొంచెం తగ్గుతుంది. అందుకని ప్రతి మూరకూ నాలుగు వేళ్ల పొడవు ఎక్కువ కలిపి ఇచ్చింది. ఆరున్నర కల్లా బుట్ట ఖాళీ. అప్పటికి మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. సంతంతా మల్లెల వాసన. తామరలాయన కూడా ఒక మూర కొని, భార్యకని ఆకులో చుట్టి దాచుకున్నాడు. హెడ్మిస్ట్రెసమ్మ చివరి మూర అడిగి మరీ పెట్టించుకుంది.

అమ్మ బల్ల పట్టుకుని నిలబడి, చుట్టూ చూసింది. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ ఆ మాటలు విన్నాను. "అది నాది. ఆ నీలంకోక, అది నాది. సైకిలు కాడ నిలబడుకోనుండే ఆ పాప, అది నాది." నా దగ్గరికి వచ్చేసరికి ఆగి, గుండు చుట్టూ చూసి, "ఇది మొత్తం నాదే" అంది. నాకు ఏడుపు వచ్చింది. గర్వంగా ఉందని అమ్మతో ఎప్పుడూ అనలేదు, ఆ రోజు అన్నాను. "సరే సరే, చెప్పులు ఏసుకో, పోదాం" అంది ఆమె.

ఆటోలో ఇంటికి పోతూ ఉంటే, మందుల షాపు మలుపు దగ్గర ఆపమంది. ఆమె చోట్లో ఇప్పుడు ఇంకొకామె కూర్చుంటోంది. నలభై ఏళ్లుంటాయి. అమ్మ చెయ్యి విరిగి ఇంట్లో ఉన్నప్పుడు వచ్చిందామె, ఇద్దరికీ ముఖపరిచయం లేదు. "ఇంటికి ఒక మూర తీసుకో. ఆమె కట్టు ఎట్లుండాదో సూద్దాం" అని అమ్మ ఆటోలోనే కూర్చుంది.

నేను దిగి వెళ్లాను. ఆమె నా తల చూసి పకపకా నవ్వింది. "ఏందక్కా, గుండుకు పూలా!" అంది. పూలు కొలుస్తూ కొలుస్తూ, నేను పక్కకు తిరిగినప్పుడు ఆమె నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి, నా మెడ వెనక ముడిని వేలితో పట్టి చూసింది. దండ పొడుగునా వేలు జరుపుకుంటూ పోయి, మళ్లీ ముడి దగ్గరికే వచ్చింది.

"ఈ ముడి ఎవురేసినారు?"

అమ్మ ఆటోలోంచి వంకర చెయ్యి బయటికి చాపింది. "ఈ చెయ్యి" అంది.

ఆమె ఆటో దగ్గరికి పోయి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వాచిన మణికట్టును తిప్పి చూసింది. "ఇంత దగ్గరగా నాకు రాదు పెద్దమ్మా. పొద్దు మునిగే తలికి సగం రాల్తాయి. ఎట్లనో ఒక్కతూరి సూపిస్తావా?"

అమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. ఆటో దిగి, ఆ అరుగు చివర తన చోట్లో కూర్చుని, చెప్పు విడిచి, నార కొసను కాలి బొటనవేలికి తగిలించుకుంది. నేను ఆటో అతనికి డబ్బులిచ్చి పంపేశాను.